గడప దగ్గర పుట్టే జవాబు

(మా ఊరి గ్రంథాలయంలో నెలకోసారి జరిగే పాఠకుల సమావేశంలో ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు వాన వల్ల రాలేకపోయినవారి కోసం రికార్డు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినబడుతోందా? ఆ మూల ఫ్యాను చప్పుడు చేస్తోంది, కాస్త ఆపుతారా... సరే, వద్దులెండి, ఉక్కగా ఉంది. నేనే గట్టిగా మాట్లాడతాను. ముప్పై ఏళ్ళు క్లాసులో చేసిన పనే.

మొదట మీ మీదే ఒక సర్వే చేస్తాను. ఈ గ్రంథాలయం రాత్రి తొమ్మిది గంటల దాకా తెరిచి ఉండాలి అనుకునేవాళ్ళు చేతులెత్తండి. ఆహా, దాదాపు అందరూ ఎత్తారు. గ్రంథపాలకుడు గారు కూడా ఎత్తారు, కాకపోతే అటూ ఇటూ చూసి ఎత్తారు. దించండి. ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడి సిబ్బంది చేత రాత్రి తొమ్మిది గంటల దాకా పని చేయించాలి అనుకునేవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... అంతేనా? మాస్టారూ, మీరు ఎత్తబోయి ఆగిపోయారు, నేను చూశాను! మరి సిబ్బంది లేకుండా గ్రంథాలయం ఎలా తెరిచి ఉంటుందండీ? రెండు ప్రశ్నలకీ విషయం ఒక్కటే. మీరూ అవే మనుషులు. మధ్యలో అర నిమిషం గడిచింది, అంతే. రేపు ఎవరైనా మొదటి ప్రశ్న పట్టుకుని ‘తొంభై శాతం మంది కోరిక’ అని పత్రికలో వేయవచ్చు, రెండోది పట్టుకుని ‘తొంభై శాతం మంది వ్యతిరేకత’ అనీ వేయవచ్చు. రెండూ అబద్ధం కావు. అదీ చిక్కు.

ప్రజాభిప్రాయం అనే మాట వినగానే మనకు ఒక ఊహ వస్తుంది. మనిషి లోపల అభిప్రాయం అనే వస్తువు ముందే తయారై కూర్చుని ఉంటుంది, సర్వే వాళ్ళు థర్మామీటరు పెట్టినట్టు పెట్టి దాన్ని కొలుచుకుని వెళ్ళిపోతారు అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. చాలా విషయాల్లో జవాబు లోపల ఉండదు. అడిగిన మనిషికీ చెప్పే మనిషికీ మధ్య, ఆ గడప దగ్గర, అప్పటికప్పుడు పుడుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

ముందు లెక్కల సంగతి తొందరగా ముగిస్తాను, భయపడకండి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అన్నారు పెద్దలు. సర్వేల గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ మాటతోనే మొదలుపెడతారు, నేనూ ఏటేటా క్లాసులో ఇదే చెప్పాను. కానీ అన్నం కాబట్టి ఒక్క మెతుకు చాలు. ఒకే బస్తాలో బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట. పులిహోర అయితే? పైపైన ఒక పిడికెడు తీసి నోట్లో వేసుకుని ‘ఇందులో పల్లీలు లేవు’ అంటే చేసినావిడ ఊరుకుంటుందా? అడుగు దాకా గరిటె పెట్టి కలిపి, అప్పుడు తిని చెప్పమంటుంది. మనం అన్నం కాదండీ, పులిహోర. ఒక వీధిలో ఉన్న అభిప్రాయం పక్క వీధిలో ఉండదు.

ఈ కలపడం తెలియకపోతే ఏమవుతుందో అమెరికాలో 1936లో తెలిసింది. లిటరరీ డైజెస్ట్ అనే పెద్ద పత్రిక అధ్యక్ష ఎన్నికలకు ముందు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది. కోటి! ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడంది. అప్పట్లో ఆ దేశంలో 48 రాష్ట్రాలు. లాండన్ గెలిచింది రెండింటిలో. మిగతా 46 అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ పట్టుకుపోయాడు. ఎందుకలా జరిగింది? పత్రిక వాడిన చిరునామాలు చాలావరకు టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరి ఇంట్లో ఉంటాయి? పైగా కార్డు అందుకున్నవాళ్ళలో నలుగురిలో ఒకరు కూడా తిప్పి పంపలేదు. పనిగట్టుకుని పంపేది కోపంగా ఉన్నవాళ్ళే. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు యాభై వేల మంది లెక్కతోనే రూజ్వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. ఆ పత్రిక రెండేళ్ళు తిరగకుండా మూతపడింది.

కాబట్టి ‘మేం పది లక్షల మందిని అడిగాం’ అని ఎవరైనా గొప్పగా చెబితే పొంగిపోకండి. ఎంతమందిని అడిగారన్నదానికన్నా వాళ్ళను ఎలా ఏరారన్నది ముఖ్యం. సరిగ్గా ఏరితే వెయ్యి మందితో అటూ ఇటూ మూడు శాతం తేడాలో నిజం చిక్కుతుంది. ఆ తేడాను సగానికి తగ్గించాలంటే నాలుగు వేల మంది కావాలి. లెక్కల గొడవ అయిపోయింది. ఊపిరి పీల్చుకోండి.

ఇక గడప దగ్గరికి వద్దాం. మన దేశంలో 1950లలో ఎరిక్ డా కోస్టా అనే ఆర్థికవేత్త ఈ సర్వేల పనికి శ్రీకారం చుట్టారు. తర్వాత 1960ల నుంచి ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన కేంద్రం ఎన్నికల అధ్యయనాలు చేస్తూ వచ్చింది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఓటర్ల జాబితా తీసుకుని, ఇంతమందికి ఒకరు చొప్పున పేర్లు ఏరి, సరిగ్గా ఆ పేరు గల మనిషి దగ్గరికే వెళ్ళడం. ఆ మనిషి బదులు ఇంకొకరు పనికిరారు. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అలాంటి పద్ధతిలోనే జరిగిన ఒక సర్వేకు ఊళ్ళు తిరిగాను. రోజుకు ఇంత అని ఇచ్చేవారు. బస్సు ఛార్జీలకే సరిపోయేది, అది వేరే సంగతి.

ఒక ఊళ్ళో నా జాబితాలో ఒకావిడ పేరు వచ్చింది. వెళితే అరుగు మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. ‘దానికేం తెలుసమ్మా, నేను చెబుతాను, రాసుకో’ అన్నాడు. ఎంత మంచిగా అన్నాడో! నాకు మంచినీళ్ళు కూడా తెప్పించాడు. ఇలాంటి చోట ఏం చేయాలి? అతను చెప్పింది రాసుకుని వెళ్ళిపోతే పని తేలిక. చాలామంది అదే చేస్తారు, మీకు తెలియనిది కాదు. నేను ‘మీ గేదెలు చూస్తాను’ అని దొడ్లోకి వెళ్ళాను. ఆవిడ పిడకలు చరుస్తోంది. ‘అమ్మా, మీరు ఓటు ఎవరికి వేశారు?’ అని అడిగాను. ‘మా ఇంటాయన ఎటంటే అటే’ అంది, తల ఎత్తకుండానే. అప్పుడు చీటీ తీసి ఇచ్చాను. ఈ సర్వేల్లో ఓటు ప్రశ్న నోటితో అడిగి వదిలేయరు. గుర్తులున్న చీటీ ఒకటి చేతికిచ్చి, ముద్ర వేసి, మడిచి డబ్బాలో వేయమంటారు. అచ్చం పోలింగు బూతులోలాగే. ఆవిడ చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని, చీటీ తీసుకుని అటు తిరిగింది. నా వైపు వీపు, ఇంటి వైపూ వీపే. ముద్ర వేసి నాలుగు మడతలు పెట్టింది. నాలుగు! అంత చిన్న చీటీకి! ఎటంటే అటే అయితే అన్ని మడతలు ఎందుకండీ?

ఆవిడ నోటి మాట నా కాగితం మీద ఉంది, చేతి మాట డబ్బాలో ఉంది. ఏది ప్రజాభిప్రాయం? మీరే చెప్పండి.

ఎన్నికల సర్వేల మీదే అందరికీ ఆసక్తి కనుక ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 2018 తెలంగాణ ఎన్నికల్లో మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ తన సర్వే చెప్పి, కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రజా కూటమి గెలుస్తుందన్నారు. టీఆర్ఎస్‌కు 119లో 88 వచ్చాయి. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అన్నారు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 వచ్చాయి. ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని పేరుపడ్డ ఆయన ఆ తర్వాత సర్వేలకు దూరంగా ఉంటానని ప్రకటించారు. ఆయన్ని చూసి నవ్వుకున్నవాళ్ళం 2024లో ఏమన్నాం? లోక్‌సభకు ఎన్డీఏ 350 దాటుతుందని దాదాపు అన్ని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. వచ్చినవి 293. ఒక సర్వే సంస్థ అధిపతి టీవీ స్టూడియోలోనే కన్నీళ్ళు పెట్టుకున్నారు.

తప్పు ఎక్కడ జరుగుతుందో ఒక చిన్న లెక్క చూడండి. 2019లో తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 39.17 శాతం. సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 39.37 శాతం. సీట్లు 11. ఇంకోసారి చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. 39.17కి 23. 39.37కి 11. ఓట్లు చిటికెడు పెరిగితే సీట్లు సగానికి పడిపోయాయి! ఎందుకంటే ఎదుటి పక్షంలో ఎవరు ఎవరితో కలిశారన్నది మారింది. సర్వే కొలిచేది ఓట్లను. టీవీలో మనం చూసేది సీట్లను. మధ్యలో ఉన్న వంతెన సర్వే వాళ్ళు తమ అంచనాతో కట్టుకున్నది. నాలుగు వేల మందిని అడిగారనుకోండి, 175 నియోజకవర్గాలకు పంచితే ఒక్కోదానికి ఇరవై ముగ్గురు కూడా రారు. ఇరవై ముగ్గురితో మీ నియోజకవర్గంలో ఎవరు గెలుస్తారో చెబుతామంటే, మా వీధి చివర టీ కొట్టు దగ్గర అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. చట్టం కూడా ఉంది లెండి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ సెక్షన్ ప్రకారం మొదటి విడత పోలింగు మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు బయట పెట్టకూడదు. అందుకే ఆ అరగంట దాటగానే అన్ని చానళ్ళూ ఒక్కసారి పూనకం వచ్చినట్టు ఊగుతాయి.

ఎన్నికల సర్వేకు ఒక అదృష్టం ఉంది. నాలుగు రోజుల్లో ఓట్లు లెక్కపెడతారు, తప్పో ఒప్పో తేలిపోతుంది. సామాజిక విషయాల మీద జరిగే సర్వేలకు ఆ అదృష్టం లేదు. అక్కడ తేల్చే పెట్టె ఏదీ ఉండదు. నన్ను అడిగితే అసలు కంగారు పడాల్సింది వాటి గురించే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మాధ్యమం గొడవ గుర్తుందా? ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ వెంటనే ప్రభుత్వం వాలంటీర్లను ఇంటింటికీ పంపి తల్లిదండ్రుల ఐచ్ఛికాలు రాయించింది. 96.17 శాతం మంది ఇంగ్లీషు మాధ్యమమే కావాలన్నారు. నేను తెలుగు అభిమానిని, మీలో చాలామంది కూడా. ఆ అంకె చూసి ‘ఇదంతా బూటకం’ అన్న మిత్రులు ఉన్నారు. నేను అనను. మా ఇంట్లో పని చేసే అమ్మాయి తన కొడుకును ఇంగ్లీషు బడికే పంపింది, నేను ఎన్ని చెప్పినా వినలేదు. ఎందుకు వినాలి? నా కొడుకు ఎక్కడ చదివాడో తనకు తెలుసు కదా. ఎక్కువమంది ఇంగ్లీషు కోరారన్నది నిజమే అయి ఉంటుంది. కానీ అరవై అయిదా, ఎనభయ్యా, తొంభై ఆరా? ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వచ్చి అడిగింది ఎవరు? అప్పట్లో నెల నెలా పెన్షను ఇంటికి తెచ్చి ఇచ్చిన వాలంటీరు. అడిగించింది ఎవరు? ఆ నిర్ణయం తీసుకుని కోర్టులో వాదిస్తున్న అప్పటి ప్రభుత్వం. ఇక మొదటి ఐచ్ఛికం ఎలా ఉంది? తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంటూ ఇంగ్లీషు మాధ్యమం అని. అంటే తెలుగు పోతుందేమో అన్న బెంగను కూడా ఆ ఐచ్ఛికంలోనే తీర్చేశారు. ప్రశ్న రాసినవాళ్ళు తెలివైనవాళ్ళండీ! నేను వాళ్ళను తప్పుపట్టడం లేదు, మెచ్చుకుంటున్నాను. నిజానికి ఇది సర్వే కాదు, సంతకాల సేకరణకు దగ్గరగా ఉన్న పని. రెండింటినీ ఒకే గాటన కట్టినప్పుడే మనం మోసపోతాం.

ఇప్పుడు కష్టమైన అంకె ఒకటి చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019 నుంచి 2021 వరకు జరిగింది. అందులో ఆడవాళ్ళను ఏడు సందర్భాలు చెప్పి అడిగారు. చెప్పకుండా బయటికి వెళితే, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే, ఇలా. వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సమంజసమే అన్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 45 శాతం. తెలంగాణలో దాదాపు 84. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84. దేశంలో మనమే మొదటి వరసలో ఉన్నాం. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతం లోపే.

ఏమిటి, అందరూ అలా మౌనంగా అయిపోయారు? నేనూ ఆ అంకె మొదటిసారి చూసిన రోజు అలాగే కూర్చుండిపోయాను. తర్వాత వృత్తి గుణం మేలుకుంది. అసలు ఏమని అడిగి ఉంటారు అని ఆలోచించాను. ‘కొట్టవచ్చా’ అంటే ఒక అర్థం. ‘కొట్టడం న్యాయమేనా’ అంటే ఇంకో అర్థం. ‘కొడితే తప్పా’ అంటే మరో అర్థం. తెలుగులో ఈ మూడూ మూడు దారులు. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడను అడిగాను. ‘పెళ్ళాం చెప్పకుండా పుట్టింటికి వెళితే మొగుడు కొట్టవచ్చా?’ అన్నాను. ‘కొట్టడా మరి?’ అంది, బొగ్గుల పెట్టె ఊపుతూ. ‘అయితే అది సరైన పనే అంటావా?’ అన్నాను. పెట్టె కింద పెట్టి నా వంక చూసింది. ‘సరైనదని నేనెప్పుడన్నానమ్మా? కొడతాడు అన్నాను’ అంది.

విన్నారా? లోకం ఎలా ఉందో చెబుతోంది ఆవిడ. లోకం ఎలా ఉండాలో అడుగుతున్నాను నేను. ఒక్క మనిషి మాట పట్టుకుని సర్వేను కొట్టేయమని నేను చెప్పను, నేనే తిడతాను అలా చేస్తే. ఇదే ప్రశ్నపత్రం హిమాచల్‌లో 15 దాటలేదు కదా. అక్కడా భాష ఉంది, అక్కడా తర్జుమా ఉంది. తప్పు తర్జుమాది అని తోసేసి మనం చేతులు కడుక్కోవడానికి లేదు. మన మగవాళ్ళ అంకెలు కూడా బాగా లేవు, తెలంగాణలో 70 శాతం. మాస్టారూ, అటు చూడకండి. నేను చెప్పేదల్లా ఆ 84ను రెండు భాగాలుగా చదవమని. అందులో ఎంత ఒప్పుదల, ఎంత అలవాటు? ఒక్క అవును అనే గడిలో రెండూ కలిసిపోయి కూర్చున్నాయి.

అడిగే తెలివి ఉంటే కొంత విడదీయవచ్చు. భారత మానవాభివృద్ధి సర్వే అని 2011-12లో నలభై వేలకు పైగా ఇళ్ళలో జరిగింది. అంటరానితనం గురించి అడగాలి. ‘మీ ఇంట్లో పాటిస్తారా?’ అంటే నేరం అని తెలిసిన విషయం కనుక లేదనేవాళ్ళు ఎక్కువ. అందుకని లేదన్నవాళ్ళను అక్కడితో వదల్లేదు. ‘ఎస్సీ కులాల వారు మీ వంటింట్లోకి వస్తే, మీ గిన్నెలు వాడితే మీకు ఇబ్బందా?’ అని ఇంకో ప్రశ్న వేశారు. మొదటి ప్రశ్న సిద్ధాంతం, రెండోది వంటిల్లు. రెండూ కలిపితే 27 శాతం ఇళ్ళు ఏదో ఒక రూపంలో పాటిస్తామన్నాయి. వంటిల్లు అబద్ధం చెప్పదండీ, లేదా తక్కువ చెబుతుంది.

ఇంకో తమాషా ఉంది. అమెరికాలో పరిశోధకులు 1975 నాటి ‘ప్రజా వ్యవహారాల చట్టం’ రద్దు చేయాలా వద్దా అని జనాన్ని అడిగారు. మూడోవంతు మంది దాకా అభిప్రాయం చెప్పారు. అలాంటి చట్టమే లేదు! నవ్వకండి, రేపు మన దగ్గరికి ఫోను వస్తుంది. ‘ఫలానా బిల్లును మీరు సమర్థిస్తే ఒకటి నొక్కండి, వ్యతిరేకిస్తే రెండు నొక్కండి.’ రికార్డు చేసిన గొంతు. కూరగాయలు తరుగుతూ మనం ఏదో ఒకటి నొక్కుతాం. బిల్లులో ఏముందో తెలియదు, అడుగుతున్నది ఏ పార్టీయో తెలియదు, మన నంబరు ఎక్కడికి పోతుందో అసలే తెలియదు. ‘తెలియదు’ అనడానికి మూడో నంబరు ఎప్పుడైనా ఇచ్చారా? నేను ఒకసారి ఏదీ నొక్కకుండా చూశాను. అదే ప్రశ్న మూడుసార్లు చదివి ఫోను పెట్టేసింది. నా మౌనం ఎవరి లెక్కలోకీ రాలేదు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఎవరైనా ఒక ప్రశ్న అడగవచ్చు. ఆ, అమ్మాయి, నువ్వు అడుగు. ‘మీ ఇంటికి సర్వే వాళ్ళు వస్తే మీరేం చేస్తారు?’ అంటోంది. బాగా అడిగావు. వచ్చారు, నిరుడు.

ట్యాబు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది, నీ వయసే ఉంటుంది. నేను సంబరంగా కుర్చీ వేసి కూర్చున్నాను. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ళందరి పుట్టినరోజులూ అడిగింది. ఈ మధ్య ఎవరి పుట్టినరోజు అయిందో వాళ్ళనే అడగాలట. అది సరైన పద్ధతే, నేనే పాఠం చెప్పాను. మా అత్తగారు వచ్చారు లెక్కలో. ఎనభై మూడేళ్ళు. నేను పక్కనే కూర్చుని, ఆవిడకు వినబడదని, ఆవిడకు తెలియదని, నాలుగు ప్రశ్నలకు నేనే జవాబులు చెప్పాను. అవునండీ, నేనే! ఆ అరుగు మీది మనిషిలాగే, అంతే మంచిగా. అయిదో ప్రశ్నకు ఆ అమ్మాయి ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, ‘మేడమ్, పెద్దావిడనే చెప్పనివ్వండి. మీరు కొంచెం లోపలికి వెళతారా?’ అంది. మా అత్తగారు వెంటనే ‘అవునమ్మా, కుక్కర్ పెట్టు, పో’ అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఎవరు ఓటు వేయమంటే వేస్తారు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇలాంటి ప్రశ్నలు ఏవో వినబడుతున్నాయి. ఆవిడ గొంతు మాత్రం గుసగుసగా ఉంది. సరిగ్గా అప్పుడే కుక్కర్ విజిల్ వేసింది. ఆవిడ ఏం చెప్పారో నాకు ఈ రోజు దాకా తెలియదు.